జాన్ బూట్ మూలికల అంగడి

1849వ సంవత్సరంలో ఇంగ్లండు దేశపు నాటింగ్‌హాం పట్టణంలో, గూస్‌గేట్ అనే వీధిలో ఒక చిన్న అంగడి వెలసింది. అంగడి చిన్నదే గాని దాని పేరు మాత్రం చాలా పెద్దది: ‘బ్రిటిష్ అండ్ అమెరికన్ బొటానిక్ ఎస్టాబ్లిష్‌మెంట్’. లోపల ఎండబెట్టిన ఆకులు, బెరళ్ళు, వేళ్ళు, పొడులు, చేతితో చుట్టిన మాత్రలు ఉండేవి. యజమాని జాన్ బూట్. 1815లో రాడ్‌క్లిఫ్ ఆన్ ట్రెంట్ అనే పల్లెలో పుట్టిన వ్యవసాయ కూలీ. అతడు వైద్య కళాశాల గడప తొక్కలేదు. ఏ ఔషధ శాస్త్రజ్ఞుని దగ్గరా శిష్యరికం చేయలేదు. చెట్టు చేమలను గురించి ఇంటా వంటా విన్నది, స్వయంగా చదువుకొన్నది, ఇంతే అతని విద్య. పదకొండేళ్ళు ఆ అంగడి నడిపి, 1860లో నలభై అయిదేళ్ళయినా సరిగా నిండకుండానే చనిపోయాడు. ఆ అంగడే తరువాత ‘బూట్స్’ అనే మహాసంస్థ అయింది. కావున అతని జీవితం అనేకుల చేత అనేక విధాలుగా చెప్పబడుతూ వచ్చింది.

అలా చెప్పేవారు సాధారణంగా రెండు తెగలు. వాణిజ్య చరిత్రలు వ్రాసేవారికి అతడు ఒక పుణ్యపురుషుడు. బీదల కన్నీరు తుడవడానికి పొలం వదలి పట్నం వచ్చిన భక్తుడు. వైద్య చరిత్రలు వ్రాసేవారికి అతడు పేరెత్త నక్కరలేని నాటువైద్యుడు, ఒక కాలపు మూఢవిశ్వాసానికి మచ్చుతునక. ఈ రెండు చిత్రాలలోనూ ఒక లోపం ఉన్నది. అతడు అంగట్లో అమ్మిన వస్తువు ఏమిటి, అది రోగి శరీరంలోకి పోయి ఏమి చేసేది అనే ప్రశ్న రెండు పక్షాలవారూ వేయరు. సైన్సు దృష్టితో చూచేవారికి అదే మొదటి ప్రశ్న కావాలి.

దానికి ముందు ఆ ఊరి సంగతి కొంత తెలియాలి. నాటింగ్‌హాం ఆనాడు లేసు అల్లికకు, మేజోళ్ళ నేతకు పేరుపడిన పట్టణం. చుట్టూ ఉన్న ఉమ్మడి భూములలో ఇళ్ళు కట్టుకొనేందుకు 1845లో గాని చట్టం రాలేదు. అంతదాకా పెరిగిన జనమంతా పాత ఊరిలోనే, వెనుకా ముందూ గాలి లేని కొంపలలో కిక్కిరిసి బ్రతికారు. లేసు పనిచేసే తల్లులు పసిపిల్లలు ఏడవకుండా నల్లమందు కలిపిన పానకం పట్టేవారని 1843లో వెలువడిన బాలకార్మికుల విచారణ సంఘ నివేదిక వ్రాసింది. ఆ ఊరిలో ప్రజల ఆరోగ్యానికి నిజంగా మేలు చేసినవాడు థామస్ హాక్స్‌లీ అనే ఇంజనీరు అని చెప్పవచ్చును. 1831లో అతడు నెలకొల్పిన జలాగారం ట్రెంట్ నది నీటిని వడగట్టి, గొట్టాలలో రాత్రింబగళ్ళు ఒత్తిడి తగ్గకుండా ఇంటింటికీ పంపింది. ఆ గొట్టాలలోని నీటితో పోల్చదగిన మందు గూస్‌గేట్‌లో ఏ సీసాలోనూ లేదు. అయితే నీటి గొట్టం మీద ఎవరికీ భక్తి కలగదు. రోగం వచ్చినవాడు వెతికేది మనిషిని.

మరి ఆ మనిషి పట్టభద్రుడైన డాక్టరు ఎందుకు కాలేదు? డబ్బు లేకపోవడం ఒక కారణం. రెండవ కారణం ఇంకా ముఖ్యమైనది. ఆనాటి డాక్టరు చేతిలోని ఆయుధాలు భయంకరమైనవి. రక్తం తీయడం ఒకటి. కాలోమెల్ అనే పాదరస లవణాన్ని తినిపించడం మరొకటి. కాలోమెల్ ఎక్కువ రోజులు తిన్నవారికి నోట చొంగ కారేది, చిగుళ్ళు వాచేవి, పళ్ళు కదిలి ఊడేవి. చొంగ బాగా కారితే మందు పనిచేస్తున్నదని సంతోషించేవారు! ఇది ఏదో పురాతన గాథ అనుకోరాదు. పసిపిల్లలకు పళ్ళు వచ్చేటప్పుడు పెట్టే పొడులలో కాలోమెల్ ఇంగ్లండులో 1950ల దాకా ఉండేది. చేతులూ కాళ్ళూ ఎర్రబారి పిల్లలు అల్లాడిపోయే ‘పింక్ డిసీజ్’కు అదే కారణమని తేలిన తరువాత, 1954 ప్రాంతంలో గాని ఆ పొడులు అంగళ్ళ నుండి తొలగలేదు. కనుక 1849లో ఒక కూలీ, డాక్టరును కాదని మూలికలవాని దగ్గరకు పోవడం అజ్ఞానం అనడానికి వీలులేదు. చొంగ కార్చే మందుకన్న చెమట పట్టించే మందే నయమని అతడు లెక్క వేసుకొన్నాడు. ఆ లెక్క చాలా సందర్భాలలో సరైనదే.

జాన్ బూట్ తన అంగడి పేరులో ‘అమెరికన్’ అనే మాట చేర్చడంలో విశేషం ఉన్నది. ఆ కాలపు మూలికావైద్యం కేవలం ఇంగ్లీషు పల్లెల అవ్వల వైద్యం కాదు. దానికి అమెరికా నుండి ఒక సిద్ధాంతం దిగుమతి అయింది. సిద్ధాంతకర్త శామ్యూల్ థాంసన్ (1769-1843), న్యూహాంప్‌షైర్ రాష్ట్రపు రైతు బిడ్డ. అతడు కూడా స్వయంగా నేర్చుకొన్నవాడే. 1813లో తన వైద్య విధానానికి పేటెంటు పొంది, ఇరవై డాలర్లు చెల్లించిన ప్రతి కుటుంబానికీ ఆ విధానం వాడుకొనే హక్కు అమ్మాడు. ఆల్బర్ట్ కాఫిన్ అనే అనుయాయి 1830ల చివర దానిని ఇంగ్లండుకు తెచ్చి, ఉత్తర ప్రాంతపు మిల్లు పట్టణాలలో ఉపన్యాసాలిచ్చి, సంఘాలు స్థాపించి, 1845 నాటికి ఒక వైద్య గ్రంథం కూడా ప్రకటించాడు. శ్రామికులు ఆదివారాలు కూడి ఆ గ్రంథం చదువుకొనేవారు. ఎవరి ఇంటికి వారే వైద్యులు కావచ్చునన్న మాట, ఓటు హక్కు కూడా లేని ఆ మనుష్యులకు ఎంత ప్రీతిపాత్రమై ఉంటుందో ఊహించవచ్చును.

థాంసన్ సిద్ధాంతం అరచేతిలో పట్టేటంత చిన్నది. వేడి ప్రాణం; చలి మృత్యువు. రోగాలు అనేకంగా కనిపించినా రోగం ఒక్కటే: శరీరంలో వేడి తగ్గడం. కనుక చికిత్స కూడా ఒక్కటే: కడుపు కడిగి వేడి పుట్టించడం. మందులకు పేర్లు కూడా అక్కరలేదు, అంకెలు చాలును. ఒకటవ నెంబరు లొబీలియా. వాంతి చేయించి చలిని తరుముతుంది. రెండవ నెంబరు కయెన్ మిరప, వేడిని నిలుపుతుంది. మూడవది బేబెర్రీ బెరడు వంటి వగరు పదార్థాలు, పేగులను శుభ్రపరుస్తాయి. తరువాత చేదు మందులు, ఆ తరువాత పానకాలు, చివర ఆరవ నెంబరు నొప్పుల చుక్కలు. వీటికి తోడు ఆవిరి స్నానం. పాదరసం, పాషాణం వంటి ఖనిజ విషాలు పూర్తిగా నిషిద్ధం. సిద్ధాంతం మొత్తంలో అన్నిటికన్న ఎక్కువమందిని బ్రతికించినది ఈ నిషేధమే అయి ఉంటుంది.

ఇప్పుడు ఈ సిద్ధాంతాన్ని పరీక్షిద్దాం. శరీరపు వేడి ఎక్కడి నుండి వస్తుంది? దీనికి జవాబు థాంసన్ పేటెంటుకు ముప్పై ఏళ్ళ క్రితమే పారిస్‌లో దొరికింది. 1782-83 చలికాలంలో లవోయిజియర్, లాప్లాస్ ఒక గినీ పందిని మంచు నింపిన పాత్రలో ఉంచి, అది వదలిన వేడికి ఎంత మంచు కరిగిందో, అది విడిచిన ఊపిరిలో ఎంత బొగ్గుపులుసు గాలి వచ్చిందో కొలిచారు. బొగ్గు మండితే ఆ గాలితోపాటు ఎంత వేడి పుడుతుందో, జంతువు శ్వాసలో కూడా ఇంచుమించు అంతే పుట్టింది. అనగా శరీరంలో వేడి ఆహారం నెమ్మదిగా దహనం కావడం వలన పుట్టేది. మిరపకాయ వలన వచ్చేది కాదు. 1842లో లీబిగ్ తన గ్రంథంలో ఇదే విషయాన్ని మరింత విస్తరించాడు. కాఫిన్ పుస్తకం ఆ తరువాత వచ్చినదే. కనుక ఆ సిద్ధాంతం ఈనాటి జ్ఞానంతో చూస్తేనే తప్పు అనరాదు. ఆనాటి జ్ఞానంతో చూచినా తప్పే.

అయినా మిరప తిన్నవానికి ఒళ్ళు వేడెక్కినట్టు ఉంటుంది గదా? గుంటూరు మిరప ఎరిగిన తెలుగు పాఠకునికి ఈ సందేహం సహజం. ఇక్కడే విషయం రసవత్తరంగా ఉన్నది. మిరపలోని కారానికి కారణమైన కాప్సైసిన్ అనే పదార్థానికి ఆ పేరు 1876లో వచ్చింది. అది నాలుక మీద ఏమి చేస్తుందో సరిగా తేలడానికి 1997 దాకా పట్టింది. కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్, అతని సహచరులు నాడీకణాల పొరలో ఒక ప్రొటీను ద్వారాన్ని కనుగొన్నారు. సుమారు 43 డిగ్రీల సెంటిగ్రేడుకు మించిన వేడి తగిలితే ఆ ద్వారం తెరుచుకొని ‘కాలుతున్నది’ అని మెదడుకు వార్త పంపుతుంది. కాప్సైసిన్ వచ్చి అతుక్కొన్నా అదే ద్వారం తెరుచుకొంటుంది. నిప్పు లేకుండానే నిప్పు అన్న కబురు పోతుంది. ఈ పరిశోధనకు జూలియస్ 2021లో నోబెల్ బహుమతిలో భాగం పొందాడు.

కబురు అందుకొన్న శరీరం ఏమి చేస్తుంది? వేడిని వదిలించుకొనే ప్రయత్నం చేస్తుంది. చర్మంలో రక్తనాళాలు విప్పారుతాయి, ముఖం ఎర్రబారుతుంది, నుదుట చెమట పోస్తుంది. జంతువులకు కాప్సైసిన్ ఎక్కించి కొలిస్తే లోపలి ఉష్ణోగ్రత పెరగడానికి బదులు తగ్గుతుంది. అనగా థాంసన్ రెండవ నెంబరు మందు అతడు చెప్పినదానికి సరిగా విరుద్ధమైన పని చేస్తుంది! రోగికి వేడి పుట్టినట్టు తోచడం నిజం. వేడి పుట్టడం అబద్ధం. తోచడానికీ ఉండడానికీ మధ్య గల ఈ దూరాన్ని కొలవగలిగిన సాధనం ఉష్ణమాపకం ఒక్కటే. కాని రోగి పక్కన వాడడానికి అనువైన పొట్టి ఉష్ణమాపకాన్ని లీడ్స్ డాక్టరు క్లిఫర్డ్ ఆల్‌బట్ రూపొందించినది 1866 ప్రాంతంలో. అప్పటికి జాన్ బూట్ చనిపోయి ఆరేళ్ళు గడిచినవి. ఈ ఒక్క విషయంలో అతనిని తప్పు పట్టడం న్యాయం కాదు; డాక్టర్లు కూడా ఆనాడు చేతితో తాకి చూచి జ్వరం చెప్పినవారే.

మిరప వలన పెద్ద ప్రమాదం లేదు. లొబీలియా సంగతి వేరు. ఇది పొగాకు వలెనే పనిచేసే మొక్క. అమెరికాలో దీనిని ‘ఇండియన్ పొగాకు’ అంటారు. ఇందులోని లొబెలీన్ అనే క్షారకం, నాడులలో నికొటిన్ అంటుకొనే చోటనే అంటుకొంటుంది. కొద్ది మోతాదులో వికారం, వాంతి, చెమట. ఆపైన ఒళ్ళు తేలికపడి ఒక విధమైన సడలింపు. మోతాదు మించితే కండరాల బలహీనత, రక్తపోటు పడిపోవడం, మూర్ఛ. ఆకులో కంటె గింజలో ఈ క్షారకం పాలు హెచ్చు. ఏ నేలలో మొలిచినది, ఎప్పుడు కోసినది, ఎలా ఎండబెట్టినది, వీటిని బట్టి కూడా బలం మారుతుంది. చెంచాతో కొలిచి ఇచ్చే మూలికలవానికి ఈ వారం పొట్లానికీ పోయిన వారం పొట్లానికీ తేడా ఎలా తెలియాలి? థాంసన్ మీదనే 1809లో ఒక రోగి మరణానికి హత్యానేరం మోపబడి, విచారణలో కొట్టివేయబడింది. ఇంగ్లండులో కూడా లొబీలియా ఇచ్చిన మూలికావైద్యులు కొందరు కోర్టులకు ఎక్కారు. పొగతాగే అలవాటు మాన్పించే మందుగా లొబెలీన్ చాలాకాలం అమ్ముడుపోయినది గాని, అది పనిచేస్తుందన్న రుజువు లేదని 1993లో అమెరికా ప్రభుత్వం అటువంటి అమ్మకాన్ని నిషేధించింది.

ఇంతకూ చదువు లేకపోవడమే ఈ లోపాలకు మూలమా? కాదనే చెప్పాలి. విల్లియం విదరింగ్ కథ దీనికి సాక్ష్యం. శరీరానికి నీరుపట్టే జబ్బుకు ష్రాప్‌షైర్‌లో ఒక ముసలమ్మ రహస్యంగా ఇచ్చే కషాయం ఉండేది. అందులో ఇరవై రకాల ఆకులు. 1775లో ఆ కషాయం విదరింగ్ దృష్టికి వచ్చింది. ఆ ఇరవైలో పనిచేసేది ఫాక్స్‌గ్లోవ్ ఆకు ఒక్కటే అని అతడు పసికట్టాడు. తరువాత పదేళ్ళు రోగుల మీద చూచాడు. ఆకు పూతకు వచ్చే సమయంలోనే కోయాలని, ఎండబెట్టి పొడిచేసి తూచి ఇవ్వాలని, నాడి ఎంతకు తగ్గితే ఆపాలో, ఏ లక్షణం కనిపిస్తే విషం ఎక్కినట్టో నిర్ణయించాడు. 1785లో గ్రంథం అచ్చువేసినప్పుడు, గుణం కనిపించిన రోగులతోపాటు కనిపించని రోగులను, చనిపోయినవారిని కూడా వరుసగా వ్రాశాడు. మూలిక ముసలమ్మదే. ఆమె జ్ఞానాన్ని విదరింగ్ తృణీకరించలేదు. అట్లని గుడ్డిగా నమ్మనూ లేదు. మూలికావైద్యుల పత్రికలలో కనిపించనిది ఈ రెండవ జాబితా. అక్కడ అన్నీ బాగుపడినవారి కృతజ్ఞతా లేఖలే. వాంతి చేసుకొని వారం రోజులకు లేచి తిరిగినవాడు లేఖ వ్రాస్తాడు, లేవనివాడు వ్రాయడు. చాలా జబ్బులు మందు ఉన్నా లేకున్నా వారం పది రోజులకు తమంతట తామే తగ్గేవి. ఆ తగ్గుదలంతా వైద్యుని హస్తవాసి ఖాతాలో జమ అవుతుంది.

ఈ విమర్శ డాక్టర్లకు తగలదని కాదు. పియర్ లూయీ అనే పారిస్ వైద్యుడు 1835లో న్యుమోనియా రోగులను లెక్కపెట్టి, రక్తం తీయడం వలన చెప్పుకొన్నంత లాభం లేదని చూపించిన తరువాత కూడా, ఆ పని దశాబ్దాల తరబడి సాగించిన పట్టభద్రులు కోకొల్లలు. లెక్కపెట్టడం తెలిసి మానుకొన్నవారి తప్పు, తెలియక చేయనివారి తప్పుకన్న పెద్దది.

జాన్ బూట్ విషయంలో మరొక చిక్కు ఉన్నది. అతడు రోగం చెప్పేవాడూ, మందు అమ్మేవాడూ ఒక్కడే. ‘నీకు ఏ మందూ అక్కరలేదు, మూడు రోజులు పడుకో’ అని చెప్పిన రోజున అతని పెట్టెలో డబ్బు పడదు. అతడు లోభి అనడానికి ఆధారం లేదు. వెస్లియన్ మతసంఘంలో నిష్ఠ గల మనిషి. కాని మనిషి మంచివాడైనా అంగడికి తన ధర్మం ఒకటి ఉంటుంది. దానిని అదుపులో ఉంచవలసినది చట్టం. ఆ చట్టం అప్పటి ఇంగ్లండులో ఎలా ఉండెనో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మూలికలు తెలిసినవారు పైపుండ్లకు, మరి కొన్ని జబ్బులకు చికిత్స చేయవచ్చునని ఎనిమిదవ హెన్రీ కాలంలో, 1542-43లో, వచ్చిన శాసనం ఇంకా వారికి అండగా ఉండేది. 1858 నాటి వైద్య చట్టం డాక్టర్లకు పట్టిక ఏర్పరచింది గాని పట్టికలో లేనివారు వైద్యం చేయరాదనలేదు. డాక్టరునని చెప్పుకోరాదని మాత్రమే అన్నది. విషాల అమ్మకానికి గట్టి కట్టడి 1868 చట్టంతో గాని రాలేదు.

భర్త పోయిన తరువాత అంగడి మేరీ బూట్ చేతిలో నిలిచింది. చరిత్రలలో ఈమెకు దక్కేది ఒకటి రెండు వాక్యాలు. మూలికలు ఏరి తేవడం, ఎండబెట్టడం, నూరడం, అమ్మడం, పిల్లలను పెంచడం, అన్నీ ఆమె చేసినవే. తండ్రి పోయేనాటికి కొడుకు జెస్సీకి పదేళ్ళు. పదమూడవ ఏట బడి మాని తల్లికి సాయంగా నిలబడ్డాడు. 1877లో వ్యాపారం మొత్తం చేతికి తీసుకొన్న ఈ జెస్సీ, తండ్రి సిద్ధాంతాన్ని ఏ వాదమూ లేకుండా విడిచిపెట్టాడు. ఇతరులు తయారుచేసిన పేరుగల మందులను చౌకగా అమ్మడం మొదలుపెట్టాడు. 1880లో ప్రభువుల సభ ఒక తీర్పు ఇచ్చింది: ఔషధ చట్టంలోని ‘వ్యక్తి’ అనే మాట కంపెనీకి వర్తించదు. అర్హత గల ఫార్మసిస్టును జీతానికి పెట్టుకొంటే ఎవరైనా కంపెనీ పెట్టి మందుల అంగడి నడపవచ్చునని దాని తాత్పర్యం. జెస్సీ 1883లో కంపెనీ పెట్టాడు. మరుసటి సంవత్సరం ఎడ్విన్ వేరింగ్ అనే ఫార్మసిస్టును నియమించి, డాక్టర్లు వ్రాసిన చీటీలకు మందు కట్టించడం ప్రారంభించాడు. అమ్మేవాడు ఒకరు, రోగం చెప్పేవాడు వేరొకరు అయినారు. తండ్రి అంగడిలో లేనిది ఈ విభజనే. ఇది దయతో జరిగినది కాదు, వ్యాపార లాభం చూచి జరిగినది. అయినా మేలైన మార్పే.

ఇక అదే నాటింగ్‌హాంలో, అదే బూట్స్ సంస్థలో, ఒక శతాబ్దం తరువాత జరిగిన పని. విల్లో చెట్టు బెరడు పొడి చలిజ్వరానికి పనిచేస్తుందని 1763లో ఎడ్వర్డ్ స్టోన్ అనే మతాచార్యుడు రాయల్ సొసైటీకి వ్రాశాడు. చిత్తడి నేలలలో పుట్టే రోగానికి మందు కూడా చిత్తడి నేల చెట్టులోనే ఉంటుందన్న ఆలోచన అతనికి ఒక ఆధారం. ఆలోచన తప్పు, కాని సుమారు యాభైమందికి ఇచ్చి చూచాడు. ఆ బెరడులోని సాలిసిన్‌తో మొదలైన దారి 1899 నాటికి ఆస్పిరిన్ వద్దకు వచ్చింది. ఆస్పిరిన్ కీళ్ళవాతపు నొప్పి తగ్గిస్తుంది గాని ఎక్కువ మోతాదు పడితే కడుపులో పుండ్లు, రక్తస్రావం. దానికి బదులు వేరొకటి కావాలని 1950లలో వెతకడానికి పూనుకొన్నవాడు స్టూవర్ట్ ఆడమ్స్. పదహారవ ఏట బడి వదలి బూట్స్ అంగడిలో పని నేర్చుకొనడానికి చేరిన కుర్రవాడే, తరువాత చదివి ఆ పరిశోధకుడైనాడు. అతడు, రసాయన శాస్త్రజ్ఞుడైన జాన్ నికల్సన్ కలిసి ఆరువందలకు పైగా పదార్థాలను పరీక్షించారు. రోగుల దాకా పోయిన కొన్ని పదార్థాలు కూడా విఫలమైనవి. ఒకటి ఒంటి మీద దద్దు పుట్టించింది, దానిని వదిలివేశారు. ప్రతి వైఫల్యమూ సంఖ్యతో, తేదీతో పుస్తకంలోకి ఎక్కింది. చివరకు నిలిచినది ఇబుప్రొఫెన్. దానికి పేటెంటు దరఖాస్తు 1961లో. వైద్యుని చీటీపై ఇంగ్లండులో అమ్మకం 1969లో.